పదిహేనులో నాలుగు

ఆటల పేజీ: మీ ఉత్తరాలు, డ్రిల్లు మాస్టారి జవాబులు

ఓడిపోతున్నామని గోల పెడుతూ ఉత్తరాలు రాసేవాళ్లు నాకు కొత్త కాదు. గెలుస్తున్నామని బెంగపెట్టుకుని రాసినవాళ్లు ఒకే నెలలో ముగ్గురు తగలడం మాత్రం ఇదే మొదటిసారి. ముగ్గురిదీ బాస్కెట్‌బాలే. అందుకని ఈ నెల కబడ్డీ, ఖోఖో ఉత్తరాలను పక్కన పెట్టాను. ఆ పాఠకులు కోపగించుకోవద్దు.

*

మాస్టారికి నమస్కారం. గుంటూరు జిల్లాలో ఒక మహిళా కళాశాల బాస్కెట్‌బాల్ జట్టుకు నేను కెప్టెన్‌ని. అంతర కళాశాలల పోటీల్లో రెండేళ్లుగా మేమే విజేతలం. ఈ ఏడాది ఆడిన పద్నాలుగు మ్యాచ్‌లూ గెలిచాం. ఇప్పుడు ప్రాక్టీసుకు ఆరింటికి రావలసినవాళ్లు ఆరున్నరకు వస్తున్నారు. బంతుల సంచీ, నీళ్ల సీసాలు జూనియర్లే మోస్తున్నారు. మా ఫిజికల్ డైరెక్టర్ (పీడీ) గారు ‘అణకువగా ఉండండమ్మా’ అన్నప్పుడల్లా అందరం తలలు ఊపుతాం. ‘నిండు కుండ తొణకదు’ అని రాసి గోడకు కూడా అంటించాం. ఏమీ మారలేదు. అందరూ నా స్నేహితురాళ్లే. గొడవ పడకుండా ఏం చేయమంటారు?
– కెప్టెన్, గుంటూరు జిల్లా

అమ్మా, ముందు ఆ కాగితం గోడ మీంచి తీసెయ్. సామెత మంచిదే గాని మీ రోగానికి అది మందు కాదు. మీ వాళ్లు తొణకడం లేదు. కుండ నిండిపోయిందని నమ్మేశారు, అందుకే చెరువు వైపు పోవడం మానేశారు.

అణకువంటే తల వంచుకుని నిలబడటమని నేను కూడా పదేళ్లు అనుకున్నాను. బహుమతి అందుకునేటప్పుడు వంగి దండం పెట్టే పిల్లల్ని చూసి మురిసిపోయేవాణ్ణి. ఆ పిల్లలే సాయంత్రం బంతులన్నీ కోర్టులో వదిలేసి సైకిళ్లెక్కి పోయేవాళ్లు. మా స్కూలు కోర్టుకు ఒక మూల కంచె చిరిగి ఉండేది. అందులోంచి బంతి దొర్లితే నేరుగా మురుగుకాలువలోకే. విజిల్ వేశాక ఆ కాలువ పక్కనుంచి బంతిని తెచ్చి, పంపు కింద కడిగి, సంచీలో వేసేది ఎవరని చూడటం మొదలుపెట్టాను. ఏడాది మొదట్లో అందరి కంటే బాగా ఆడే పిల్ల తెచ్చేది. రెండు కప్పులు గెలిచాక ఆరో తరగతి పిల్ల తెచ్చేది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, దానంతట అదే అలా మారిపోయింది. నీ ఉత్తరంలో నీళ్ల సీసాల మాట చదవగానే నాకు ఆ కాలువ గుర్తొచ్చింది.

నిన్నొక ప్రశ్న అడుగుతాను. పోయిన మ్యాచ్‌లో మీరు అన్నిటికంటే చెత్తగా ఆడిన నాలుగు నిమిషాలు ఏవి? ఓడిన మ్యాచ్ సంగతైతే మీ పన్నెండు మందీ గుక్క తిప్పుకోకుండా చెప్పి ఉండేవాళ్లు. గెలిచిన మ్యాచ్ గురించి అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇరవై పాయింట్ల తేడా మొహానికి పౌడరులాంటిదమ్మా. మొటిమలు ఎక్కడికీ పోవు, అద్దంలో కనబడవంతే.

అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయం జట్టు సంగతి చెప్తాను. కోచ్ పేరు జాన్ వుడెన్. 1967 నుంచి 1973 దాకా వరుసగా ఏడేళ్లు అక్కడి కళాశాలల జాతీయ టైటిలు వాళ్లదే. ఆ కోచ్ ప్రతి ఏడాదీ మొదటి రోజున మేజోళ్లు ముడతలు లేకుండా తొడుక్కోవడం, బూట్ల తాళ్లు బిగించడం నేర్పేవాడు. జాతీయ విజేతలకు కూడా అదే పాఠం. మేజోడు ముడత పడితే కాలికి బొబ్బ, బొబ్బ లేస్తే ఆట లేదు. ఇంత ఒద్దికగా నడిచిన జట్టుకు కూడా ఒకరోజు వచ్చింది. చూడు ఎలా వచ్చిందో.

1974 జనవరి 19. అప్పటికి వరుసగా 88 మ్యాచ్‌లు గెలిచి ఉన్నారు. ఆ రోజు ఆట నోటర్ డామ్ విశ్వవిద్యాలయంతో, వాళ్ల ఊళ్లో. ఇంకా మూడున్నర నిమిషాలు ఉందనగా యూసీఎల్‌ఏ 70, నోటర్ డామ్ 59. అప్పట్లో వాళ్ల కళాశాల ఆటలో దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లిచ్చే గీత లేదు, బాస్కెట్‌కు రెండే పాయింట్లు. పదకొండు పాయింట్లంటే దాదాపు ఆరు బాస్కెట్లు. బంతి చేతికొచ్చాక 24 సెకన్లలో రింగుకు వేయాలని ఇప్పుడు మనకున్న నియమం కూడా అక్కడ లేదు. బంతిని చేతుల్లో ఉంచుకుని పాస్‌లు ఇచ్చుకుంటూ కూర్చున్నా గడియారం వాళ్లను గెలిపించేది. వాళ్లేమో బంతులు చేజార్చుకున్నారు, ఫౌళ్లు ఇచ్చుకున్నారు. నోటర్ డామ్ వరుసగా 12 పాయింట్లు చేసింది. 29 సెకన్లు ఉందనగా డ్వైట్ క్లే అనే కుర్రాడు కోర్టు మూల నుంచి వేసిన బంతి రింగులో పడింది. ఆ తర్వాత యూసీఎల్‌ఏ వాళ్లు ఎన్నిసార్లు వేసినా పడలేదు. 71–70.

ఇంకో సంగతి. నోటర్ డామ్ కోచ్ ముందురోజే తన పిల్లల చేత రింగుకున్న వలను కోయించి సాధన చేయించాడు. అక్కడ పెద్ద గెలుపు గెలిస్తే వల కోసుకుపోవడం ఆచారం. అంటే గెలిచాక చేసే పనిని కూడా వాళ్లు సాధన చేసి వచ్చారు. నాకు నవ్వొస్తుంది గాని, అసూయ కూడా వేస్తుంది.

ఇదంతా పొగరు వల్లే జరిగిందని నేననను. యూసీఎల్‌ఏ వాళ్లు వారం తిరక్కుండానే అదే జట్టును తమ కోర్టులో 94–75తో ఓడించారు. నా అనుమానం అక్కడే. పందొమ్మిది పాయింట్ల తేడాతో పగ తీర్చుకున్నాక ఆ మూడున్నర నిమిషాల గురించి ఇంక ఎవరు తవ్వుకుంటారు? మార్చిలో జాతీయ సెమీఫైనల్లో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం మీద రెండో అదనపు సమయంలో ఏడు పాయింట్ల ముందంజలో ఉండి, 80–77తో ఓడిపోయారు. ఏడేళ్ల గొలుసు తెగింది. రెండుసార్లూ చేతిలో ఉన్నదాన్నే జారవిడుచుకున్నారు.

అందుకని నోటుబుక్కు పెట్టమ్మా. గెలిచిన రోజు రాత్రి, ఫోనులో అభినందనలు చదువుకోవడానికి ముందు, మూడు వరుసలు రాయండి. రింగు దగ్గరికి పరిగెత్తి వేసే లే-అప్‌లు పోగొట్టినవి ఎన్ని, ప్రత్యర్థి చేతికి అప్పగించిన బంతులు ఎన్ని, ఫౌలు జరిగితే దక్కే ఫ్రీ త్రోలు ఎన్ని వేస్తే ఎన్ని పడ్డాయి. ఎవరి పేరూ రాయొద్దు. పేర్లు రాస్తే అది పంచాయితీ అవుతుంది. పద్నాలుగు గెలుపుల లెక్కలు ఒక్కచోట పెట్టి చూస్తే మీలో సగం మందికి నిద్ర పట్టదు. నా దగ్గర ముప్పై ఏళ్ల నోటుబుక్కులు ఉన్నాయి. అందులో ఒక పేజీ సంగతి కింద రెండో ఉత్తరంలో చెప్తాను.

ఇక స్నేహితురాళ్ల విషయం. ఎవరికీ ఏమీ చెప్పకు. ఆరింటికల్లా నువ్వు కోర్టులో ఉండు. ముగ్గురే వస్తే ముగ్గురితోనే మొదలుపెట్టు. అల్లికలా పాస్‌లు మార్చుకుంటూ ఈ రింగు నుంచి ఆ రింగుకు పరిగెత్తే సాధనకు ముగ్గురు చాలు. ఆరున్నరకు వచ్చినవాళ్ల కోసం ఆపి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోకు, నడుస్తున్న దాంట్లోనే వచ్చి కలవనీ. నీళ్ల సీసాల బుట్ట ఈ వారమంతా నువ్వు మొయ్. జూనియర్ పిల్లలు పరిగెత్తుకొచ్చి లాక్కోబోతారు, ఇవ్వకు. మొదటి రెండు రోజులు నీ నేస్తాలు వేళాకోళం చేస్తారు. మూడో రోజో నాలుగో రోజో ఒకతె రెండో చెయ్యి వేస్తుంది. వేయకపోతే నాకు మళ్లీ రాయి, అప్పుడు గొడవ ఎలా పెట్టుకోవాలో చెప్తాను.

మీ పీడీ గారిని ఒకటి మాత్రం అడుగు. మీ మొదటి ఐదుగురికీ, జూనియర్ ఐదుగురికీ రోజూ ఎనిమిది నిమిషాల ఆట పెట్టమను. స్కోరు సున్నా–సున్నా నుంచి కాదు, జూనియర్లకు పది పాయింట్లు ముందే ఇచ్చి. విజిల్ కూడా మీ మీదే కఠినంగా వేయమను. ఓడినవాళ్లు కోర్టు ఊడవాలి. మీరు మొదటి వారంలో కనీసం మూడుసార్లు చీపురు పడతారని నా పందెం.

మరో చిన్న అలవాటు. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో డీన్ స్మిత్ అనే కోచ్ ఉండేవాడు. బాస్కెట్ వేసినవాడు వెంటనే తనకు పాస్ ఇచ్చినవాడి వైపు వేలు చూపించాలని ఆయన నియమం. మా పిల్లల చేత కూడా చేయించాను. మొదట్లో సిగ్గుపడ్డారు. తర్వాత తర్వాత పాస్ ఇచ్చిన పిల్ల కూడా ఆ వేలి కోసం ఎదురుచూడటం గమనించాను. పాస్‌లు పెరిగాయి. వేలు చూపడానికి డబ్బు ఖర్చు కాదు కదా.

*

మాస్టారు గారికి, మా అమ్మాయి పదో తరగతి. రాష్ట్ర స్థాయి జూనియర్ పోటీల్లో వాళ్ల జట్టు మొదటి స్థానంలో వచ్చింది. వీధి మొదట్లో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. నెలలో ఐదు సన్మానాలు జరిగాయి. ఇప్పుడు తిన్న కంచం తిన్నచోటే వదిలేస్తోంది. కోచ్‌కు ఏమీ తెలియదంటోంది. వాళ్ల నాన్నగారు ‘ఆడపిల్ల ఆ మాత్రం ధైర్యంగా ఉండనీ’ అంటున్నారు. నాకు భయంగా ఉంది.
– ఒక తల్లి, నెల్లూరు

అమ్మా, మీవారి మాటలో సగం నిజం ఉంది. కోర్టులో ‘బంతి నాకివ్వు’ అని గట్టిగా అరిచి అడిగే ఆడపిల్లలు మనకు తక్కువ. ఆ గొంతును నొక్కేయకండి. కంచం మాత్రం ఈ రాత్రి నుంచే కడిగించండి. ప్రాక్టీసుకు ఆలస్యమైపోతోందంటే ఐదు నిమిషాలు ముందు తినమనండి.

ఫ్లెక్సీ మాటకొస్తే, అది అమ్మాయి కట్టుకున్నది కాదు. నేనూ ఒకప్పుడు ఇలాంటి తప్పే చేశాను. అప్పట్లో ఫ్లెక్సీలు లేవు, గుడ్డ బ్యానర్లే.

1994లో మా స్కూలు బాలికలు వరుసగా రెండో ఏడు జిల్లా కప్పు తెచ్చారు. ఆ ఏడాదే జోనల్ పోటీలు మా ఊళ్లో పెట్టారు. క్వార్టర్ ఫైనల్ ఇరవై ఆరు పాయింట్ల తేడాతో గెలిచాం. ఆ సాయంత్రం ఊరి పెద్దలు టాపు తీసేసిన జీపు, దాని వెనక ట్రాక్టరు, బ్యాండు మేళం తెచ్చారు. పిల్లల్ని ట్రాక్టరు ఎక్కించారు. జీపులో ముందు సీట్లో, మెడ నిండా బంతిపూల దండలతో నేను. ఎక్కబోయే ముందు మా పిల్లల్లో ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి, “మాస్టారూ, రేపు పొద్దున ఎనిమిదింటికే కదా మ్యాచ్” అంది. “ఊరంతా పిలిస్తే వెళ్లకపోతే బాగుండదమ్మా” అన్నాను. నిజానికి ఆ దండలు నాకు బాగున్నాయి. ప్రతి వీధిలో ఆపారు, ప్రతి ఆగినచోటా ఎవరో మాట్లాడారు, నేనూ మాట్లాడాను. పిల్లలు పడుకునేసరికి పన్నెండు దాటింది.

పొద్దున సెమీఫైనల్ 41–43. ఓడిపోయాం.

ఆ పేజీ ఇప్పుడు నా ముందే ఉంది. ఫ్రీ త్రోల వరుసలో పదిహేను గుర్తులు. నాలుగు టిక్కులు, పదకొండు ఇంటూలు. అడ్డం వచ్చేవాడు లేడు, చెయ్యి పట్టేవాడు లేడు, గీత దగ్గర నిలబడి వేయవలసిన బంతులు. మా పిల్లలు ప్రాక్టీసులో పదింటికి ఏడు వేసేవాళ్లు. కాళ్లలో బలం లేకపోతే బంతి రింగు ముందంచుకు తగిలి వెనక్కి వస్తుంది. ఆ పొద్దున అన్నీ ముందంచుకే తగిలాయి. ఆఖరి రెండు ఇంటూలు కొట్టేటప్పుడు పెన్ను కాగితాన్ని చించేసింది. ఆ రెండూ వేసింది, జీపు దగ్గర నన్ను అడిగిన పిల్లే.

మ్యాచ్ అయ్యాక ఆ పిల్ల వచ్చి, “క్షమించండి మాస్టారూ” అంది. నేను తల ఊపాను. ‘నువ్వు కాదమ్మా, నేను’ అని అనడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ పిల్లకిప్పుడు కాలేజీ చదువుతున్న కొడుకున్నాడు. అన్నప్పుడు నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

కాబట్టి అమ్మాయిని దండించే ముందు ఆ సన్మానాలు ఎవరి సరదా కోసం జరుగుతున్నాయో ఒకసారి చూసుకోండి. ఆరో సన్మానానికి పిలుపు వస్తే, సీజను అయ్యాక పెట్టుకోమని చెప్పండి. వేదిక మీదికి మీ అమ్మాయి ఒక్కతే కాదు, పన్నెండు మందీ రావాలని చెప్పండి. పన్నెండు శాలువాలనగానే సగం పిలుపులు వాటంతటవే ఆగిపోతాయి. ఫ్లెక్సీ దించి ఇంటికి తెచ్చుకోండి. వానాకాలం స్కూటరు మీద కప్పడానికి అంత మంచి గుడ్డ దొరకదు.

కోచ్‌కు ఏమీ తెలియదన్న మాటకు నేను పెద్దగా కంగారు పడను. పదిహేనేళ్ల వయసులో అందరూ అంటారు. కొందరు కోచ్‌ల విషయంలో అది నిజం కూడా. ఆ మాట ఏ సందర్భంలో అందో అడగండి. ‘నన్ను కూర్చోబెట్టాడు’ అంటే ఊరుకోండి. ‘మోకాలు నొప్పంటే వినలేదు’ అంటే మాత్రం మీరు వెళ్లి మాట్లాడవలసిందే. 2017లో మన దేశపు మహిళల జట్టు బెంగళూరులో కజకస్తాన్‌ను 75–73తో ఓడించి ఆసియా కప్ బి డివిజన్ గెలిచింది. రెండు పాయింట్ల తేడా. దాంతో పై డివిజన్‌కు ఎక్కి, 2019లో అదే బెంగళూరులో జపాన్, చైనా, ఆస్ట్రేలియాలున్న పోటీలో ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానంలో నిలిచింది. మీ అమ్మాయికి ఈ రెండు సంగతులూ కలిపి చెప్పండి, విడివిడిగా కాదు. రాష్ట్రం తర్వాత దేశం ఉంది, దేశం తర్వాత ఇంకా చాలా పొడుగు మనుషులున్నారు.

*

నేను ఉన్నత పాఠశాలలో పీఈటీని. మా జట్టు మూడేళ్లుగా జోనల్ విజేత. మా పాయింట్లలో సగానికి పైగా ఒక్క కుర్రాడే చేస్తాడు. రెండు వారాలుగా ప్రాక్టీసుకు ఆలస్యంగా వస్తున్నాడు. శనివారం ఫైనల్. కూర్చోబెడదామంటే హెచ్‌ఎం గారు ఒప్పుకోవడం లేదు. ఏం చేయను?
– వ్యాయామోపాధ్యాయుడు, ఖమ్మం

సోదరా, ఈ సంచిక మీ చేతికి అందేసరికి ఆ శనివారం ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. ఫైనల్ ఏమైందో రాయండి.

పైన చెప్పిన వుడెన్ జట్టులో బిల్ వాల్టన్ అని ఉండేవాడు. 1973 ఫైనల్లో 22 సార్లు రింగుకు వేసి 21 పడేసి, 44 పాయింట్లు చేసిన మనిషి. అలాంటివాడు ఒక ఏడాది ప్రాక్టీసుకు జుట్టు పెంచుకుని వచ్చాడు. జుట్టు పొట్టిగా ఉండాలని కోచ్ నియమం. నా జుట్టు మీద మీకేం హక్కని వాల్టన్ వాదించాడు. వుడెన్ గొంతు పెంచలేదు. నీ పట్టుదల నాకు నచ్చింది, నువ్వు లేకపోతే మాకు లోటే, అన్న అర్థం వచ్చేలా మాట్లాడి ఊరుకున్నాడు. వాల్టన్ సైకిలెక్కి మంగలి దగ్గరికి పరిగెత్తాడు.

ఈ కథ చెప్పి మిమ్మల్ని వీరుణ్ణి కమ్మనడం సులువు. కాని వుడెన్ ఆ నియమాన్ని ఫైనల్ ముందు గురువారం నాడు కనిపెట్టలేదు. మీరు ఏడాది మొదట్లో ‘ఆలస్యంగా వస్తే మొదటి క్వార్టర్ బెంచి మీదే’ అని అందరి ముందు చెప్పి ఉంటే, ఆ పది నిమిషాలు కూర్చోబెట్టండి. ఓడితే హెచ్‌ఎం గారి తిట్లు మీరే తినండి. చెప్పి ఉండకపోతే ఈ ఫైనల్‌కు ఆడించి, సోమవారం నియమం పెట్టండి. రెండు వారాలు చూస్తూ ఊరుకున్నది మీరే మరి. అసలు ఎందుకు ఆలస్యమవుతున్నాడో అడిగారా? ఉత్తరంలో ఆ మాటే లేదు. మా స్కూల్లో ఒకడు ఇలాగే వస్తుంటే నెల రోజులు కేకలేశాను. పొద్దున పాలు పోసి వస్తున్నాడని తర్వాత తెలిసింది.

*

మా జట్టులో నలుగురం 23 నంబరు జెర్సీ కావాలంటున్నాం. మేమే స్కూల్లో బాగా ఆడేవాళ్లం. మాలో ఎవరికి ఇవ్వాలి?
– ఎనిమిదో తరగతి, విజయనగరం

బాబూ, మా కాలంలో అంతర్జాతీయ నియమాల ప్రకారం 4 నుంచి 15 వరకే నంబర్లు ఉండేవి. 23 అడిగితే స్కోరరు నవ్వేవాడు. ఇప్పుడు ఇస్తున్నారు కాబట్టి చీటీలు వేసుకోండి. ఆ 23తో పేరు తెచ్చుకున్న అమెరికా ఆటగాడు మైకేల్ జోర్డాన్ 1990 ఫిబ్రవరి 14న ఓర్లాండోలో మ్యాచ్‌కు వెళ్తే అతని 23 జెర్సీని ఎవరో ఎత్తుకుపోయారు. పేరు కూడా లేని 12 నంబరు జెర్సీ తొడుక్కుని 49 పాయింట్లు వేశాడు. ఆ మ్యాచ్ అతని జట్టు ఓడిపోయిందనుకో, అది వేరే సంగతి. మీ నలుగురిలో 23 రాని ముగ్గురూ ఇప్పుడు 12 కోసం కొట్టుకోకండి.